వేషాలు లేని నాటిక

సోషల్ టీచర్ అంటే బడిలో ఎవరికీ పెద్దగా లెక్కలేని మనిషి. లెక్కల మాస్టారంటే పిల్లలకి భయం, ఇంగ్లీషు మాస్టారంటే తల్లిదండ్రులకి భక్తి. సోషల్ పీరియడ్ అంటే మాత్రం హెడ్మాస్టర్లకి ఖాళీ పీరియడ్ కింద లెక్క. గ్రౌండు శుభ్రం చేయించాలన్నా, టీకాలు వేయించాలన్నా, ఎవరో పెద్దాయన వస్తున్నాడని పిల్లల్ని రోడ్డు పక్కన నిలబెట్టాలన్నా, ముందు నా పీరియడే ఎగిరిపోయేది. ఉద్యోగమంతా ఈ విషయం మీద పోట్లాడుతూనే ఉన్నాను. అందుకే పిల్లలు చాటుగా నాకు 'తేజా టీచర్' అని పేరు పెట్టుకున్నారు. తేజా అంటే మా వైపు పండే మిరప రకాల్లో బాగా ఘాటైనది. ఆ పేరంటే నాకు లోలోపల భలే ఇష్టమని ఆ వెధవాయిలకి ఇప్పటికీ తెలియదు.

ఈ మధ్య డీఎస్సీలో ఉద్యోగాలు వచ్చిన నా పాత విద్యార్థులు కొందరు ఇంటికొచ్చారు. టీ తాగుతూ ఒకమ్మాయి అడిగింది, మతాల పాఠం ఎలా చెప్పాలి టీచర్ అని. చెబితే ఎవరికి కోపం వస్తుందో తెలియదు, చెప్పకుండా దాటేస్తే పిల్లలు ఫోన్లలో చూసి ఏదేదో నేర్చుకొస్తున్నారు అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ అమ్మాయికి అప్పుడు సగమే చెప్పాను, ఇంతలో బస్సు టైమైందని లేచిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. మా బడిలో ఒక పిల్ల చదువు పోబోయి, పోకుండా నిలబడిన కథ.

నేను చివరగా పనిచేసిన జిల్లా పరిషత్ హైస్కూలు చిలకలూరిపేట హైవే దిగి లోపలికి వెళితే వస్తుంది. ఊరి చుట్టూ పత్తి, మిరప. ఊళ్ళో రామాలయం ఉంది, పోలేరమ్మ గుడి ఉంది, ఊరి చివర పేటలో చర్చి ఉంది, బస్టాండు వెనక చిన్న మసీదు ఉంది. బడి మాత్రం ఒకటే. సోషల్ పుస్తకంలో మతాల మీద పాఠం వచ్చినప్పుడు అందరం చేసేది ఒకటే పని. ఫలానా మతాన్ని స్థాపించింది ఎవరు, పవిత్ర గ్రంథం ఏది, పండగలు ఏవి అని ప్రశ్నలు, జవాబులు రాయించేవాళ్ళం. పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు, మార్కులు వచ్చేవి, పక్క బెంచీలో కూర్చున్న పిల్ల ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ కొరత తీర్చడానికి అన్నట్టు మా తెలుగు మాస్టారు ఏటా జనవరి ఇరవై ఆరుకి ఒక మతసామరస్య నాటిక వేయించేవారు. ఆయన చాలా మంచి మనిషి. తన జీతంలోంచి పిల్లలకి పెన్నులు కొనిచ్చేవారు, గట్టిగా ఒక మాట అనేవారు కాదు. నాటికలో ముగ్గురు స్నేహితులు. ఒకడికి పట్టుపంచె, నిలువు నామం. ఒకడికి తెల్ల గౌను, మెడలో అట్టముక్కతో చేసిన శిలువ. ఇంకొకడికి టోపీ, గళ్ళ లుంగీ, దూది గడ్డం. ముగ్గురూ పోట్లాడుకుంటారు, చివర్లో జెండా కింద చేతులు కలుపుతారు. హెడ్మాస్టరు గారు మైకు పుచ్చుకుని మతసామరస్యం గురించి నాలుగు మాటలు చెబుతారు. తర్వాత బూందీ పొట్లాలు. ఏటా అదే వరస.

ఆ సంవత్సరం గడ్డం వేషం వేయాల్సిన కుర్రాడికి గవదబిళ్ళలు వచ్చాయి. రేపు జెండా పండగ అనగా మాస్టారు ఆ వేషాన్ని తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇచ్చారు. నా క్లాసులో మ్యాపులు గీయడంలో ఆ పిల్ల తర్వాతే ఎవరైనా. పెన్సిలు ఎత్తకుండా కచ్ నుంచి కన్యాకుమారి దాకా తీరం గీసేది. మాస్టారు దాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, వాళ్ళు ముస్లింలు కాబట్టి. నీకైతే సహజంగా వచ్చేస్తుందమ్మా అన్నారట. సహజంగా ఏం వస్తుంది నా మొహం. వాళ్ళది తరతరాలుగా దూది ఏకే కుటుంబం. తండ్రి పరుపులు కుడతాడు. తాత ముత్తాతల నుంచీ ఇంట్లో తెలుగే, నమాజులో మాటలు తప్ప ఇంకో భాష ముక్క రాదు. ఆ పిల్ల వేషానికి కావాల్సిన గడ్డానికి దూది మాత్రం సహజంగానే ఇంటి నుంచి తెచ్చుకుంది.

వేదికెక్కి మాస్టారు నేర్పినట్టే పలికింది. "నిమ్మల్కీ దేవుడు, మన్కీ దేవుడు, అంతా ఒక్కటే హై భాయ్!" సినిమాల్లో అలాంటి వేషాల చేత పలికించే తెలుగు ఉంది చూశారూ, అదే. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అని కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చున్న వాళ్ళ నాన్న కూడా చప్పట్లు కొట్టాడు. అప్పటికి అంతా బాగానే ఉందనుకున్నాం. పైగా ఆ రోజు వచ్చిన మండల అధికారి ముచ్చటపడి, గుంటూరులో జరిగే బడి పిల్లల పోటీలకి ఈ నాటిక పంపండి అని చెప్పి వెళ్ళాడు. మాస్టారి కాళ్ళు నేల మీద నిలవలేదు.

తర్వాత వారం నుంచి ఆ పిల్ల బడికి రావడం మానేసింది. జ్వరమేమో అనుకున్నాను. ఇంకో వారం గడిచింది. స్నేహితురాళ్ళని అడిగితే తలలు వంచి చెప్పులు చూసుకుంటున్నారు. వచ్చే ఏడు పదో తరగతి పరీక్ష రాయాల్సిన పిల్ల. మా ఊళ్ళో ఆడపిల్ల ఈ వయసులో నెల రోజులు బడి మానేసిందంటే మళ్ళీ రాదు. ఎవరి కళ్ళాల్లోనో మిరపకాయల తొడిమలు తీస్తూ కనిపిస్తుంది. అలా కనిపించిన పిల్లలు నా సర్వీసులో చాలామంది ఉన్నారు. అందుకే ఆ సాయంత్రం బడి వదలగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను, బాగా కోపంగానే వెళ్ళాను.

వాకిట్లో సగం కుట్టిన పరుపు పరిచి ఉంది. పిల్ల పొడుగాటి సూదితో అంచు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, నమస్కారం టీచర్ అంది, లోపలికి వెళ్ళిపోయింది. తండ్రి ఒళ్ళంతా దూదితో బయటికొచ్చాడు. ఆడపిల్ల చదువు మాన్పించడానికి మనసెలా ఒప్పింది అని మొదలుపెట్టి ఎడాపెడా వాయించేశాను. నేను ఆగాక ఆయన కుర్చీ మీద దూది దులిపి కూర్చోమన్నాడు.

"నేను మాన్పించలేదండి టీచర్ గారూ. అదే పోనంటంది. పొమ్మని అనడానికి నాకు నోరు రావట్లేదు" అన్నాడు.

నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఊళ్ళో చిన్నా పెద్దా ఆయన్ని మావయ్యా అని పిలుస్తారు. పరుపుల మావయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. ఎవరింట్లో పెళ్ళైనా పరుపు ఆయన కుట్టిందే. జెండా పండగ మర్నాడు టీ కొట్టు దగ్గరికి వెళితే ఎవరో కుర్రాడు 'ఏం భాయ్, నిమ్మల్కి చాయ్ కావాల్నా' అన్నాడట. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ మర్నాడు ఇంకొకడు. తర్వాత పరుపు ఇవ్వడానికి వెళ్ళిన ఇంట్లో, ఆయన చేతుల్లో పెరిగిన పిల్లాడు. బడిలో కూతురితో కూడా ఎవరూ మామూలుగా మాట్లాడట్లేదట. పెన్సిలు అడిగినా ఆ యాసలోనే అడుగుతున్నారట.

"ఎగతాళి అని కాదండీ. వాళ్ళకది సరదా. కానీ మా ఇంట్లో ఎవరం అట్టా మాట్లాడం గదా. మాకే రాని మాటలు మా పిల్ల చేత పలికిచ్చి, ఇదుగో వీళ్ళిట్టా ఉంటారని ఊరికి చూపిచ్చారు. ఇన్నేళ్ళూ మావయ్యని. ఇప్పుడు భాయ్‌ని."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, తల వంచుకుని కూర్చున్నాను. వస్తూ వస్తూ లోపలికి తొంగి చూసి, అమ్మాయ్, రేపు బడికి రా అన్నాను. ఆ పిల్ల గోడ వైపు చూస్తూ, "వాళ్ళు మళ్ళీ మామూలుగా మాట్లాడతారా టీచర్?" అని అడిగింది. మాట్లాడతారు అని అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

మర్నాడు స్టాఫ్ రూములో రచ్చ చేశాను. అంతా చెప్పాను. తెలుగు మాస్టారి మొహం మాడిపోయింది. నేను మంచి కోసమే రాశానమ్మా, చివర్లో అందరూ ఒకటేనని చెప్పించాను కదా అన్నారు. చివర్లో ఒకటేనని చెప్పడానికి ముందంతా వేరు వేరు అని గడ్డాలు అంటించాలా అని నేను అరిచాను. అప్పటిదాకా పేపరు వెనక ఉన్న లెక్కల మాస్టారు పేపరు దించారు. ఆయన పేటలో చర్చి సంఘపెద్ద.

"ఇన్నాళ్ళూ అడగలేదని చెప్పలేదు గానీ, ఆ తెల్ల గౌను ఎవరిదండీ? మా పాస్టర్ గారు ప్యాంటూ చొక్కా వేసుకుంటాడు. వారమంతా స్పిన్నింగ్ మిల్లులో డ్యూటీ చేస్తాడు" అన్నారు.

ఆ మాటతో నాకు ఇంకో సంగతి వెలిగింది. పట్టుపంచె, నిలువు నామం మాత్రం మా ఊళ్ళో ఎవరికి సరిపోతుంది? రామాలయం పూజారి గారి ఒక్క ఇంటికి. మిగతా ఊరంతా పోలేరమ్మకి పొంగళ్ళు పెట్టి, వేపమండలు కట్టుకునేవాళ్ళే. మూడు వేషాలు కట్టాం, మూడూ మా ఊరివి కావు. మా పిల్లలకి మా ఊరి గురించే అబద్ధం చెప్పి, దాని పేరు సామరస్యం అని పెట్టుకున్నాం. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

హెడ్మాస్టరు గారు రాజీ మనిషి. ఎందుకొచ్చిన గొడవమ్మా, నాటిక ఆపేద్దాం, చెట్లు నాటడం మీద ఏదైనా వేద్దాం, చెట్టుకి మతం ఉండదు కదా అన్నారు. ఆయన్నీ తప్పు పట్టలేను, ఊళ్ళో నాలుగు వైపుల నుంచీ మాట పడేది ఆయనే. కానీ ఆపేస్తే ఆ పిల్లకి ఏం ఒరుగుతుంది? ఊరి నోట్లో మిగిలేది మనం నేర్పిన ఆ యాసే కదా అన్నాను. ఆయన మెడ గోక్కుని, రెండు రోజులు టైము ఇవ్వండి అన్నారు.

ఆ రెండు రోజుల్లో తెలుగు మాస్టారు ఎవరూ ఊహించని పని ఒకటి చేశారు. ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఉన్న పరుపు చుట్టి ఆటోలో వేసుకుని పరుపుల మావయ్య ఇంటికి వెళ్ళారు. విప్పి మళ్ళీ కుట్టాలన్నారు. ఆయన విప్పి చూసి, దూది శుభ్రంగా ఉంది గదా మాస్టారూ, ఎందుకు విప్పిచ్చారు అని అడిగాడు. నిద్ర పట్టట్లేదయ్యా అన్నారట మా మాస్టారు. తర్వాత, తప్పైపోయింది అని కూడా అన్నారట. సాయంత్రం దాకా అక్కడే వాకిట్లో కూర్చుని, ఆయన దూది ఏకుతుంటే రంజాన్ నెల రోజా ఉపవాసాల గురించి, పండగల గురించి, వాళ్ళ నాన్న చిన్నప్పటి సంగతులు అడుగుతూ గడిపారు. సోమవారం నాకు ఇదంతా చెప్పి, నేను విన్నదే రాశాను గానీ ఆయన దగ్గర విన్నది రాయలేదమ్మా, సినిమా హాల్లో విన్నది రాశాను అన్నారు. ఆ మనిషి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

కానీ పిల్ల రాలేదు. ఎందుకు రాలేదో కూడా మాస్టారే చెప్పారు. తను వచ్చేటప్పుడు పరుపుల మావయ్య, "మీరు నాకు చెప్పారు, సరే. ఊరికెవరు చెబుతారు మాస్టారూ?" అన్నాడట. దానికి జవాబు ఇద్దరం కూర్చుని వెతకడం మొదలుపెట్టాం.

అప్పుడు పుట్టిందే మా కొత్త పద్ధతి. వేషాలు వద్దు, అందరూ బడి యూనిఫాంలోనే ఉండాలి. ఎవరి మతం గురించి వాళ్ళు చెప్పకూడదు. ప్రతి పిల్లా పక్కింటికి వెళ్ళి అడిగి తెలుసుకుని, పక్కింటి సంగతి చెప్పాలి. ఆ పక్కింటివాళ్ళు విని, సరిగ్గానే చెప్పావు అనాలి. ఇంకో ముఖ్యమైన కట్టుబాటు నేను పెట్టాను. ఫలానావాళ్ళు ఇలా చేస్తారు అని చెప్పాలి గానీ, చేసి చూపించకూడదు. దండాలు లేవు, ప్రార్థనలు లేవు, బొట్లు లేవు. బడిలో చెప్పడం వేరు, గుడిలో చేయడం వేరు. కొత్త మాస్టార్లూ, ఈ ఒక్క గీత గీసుకుంటే మీకు సగం తలనొప్పి తగ్గుతుంది. మిగతా సగం ఎలాగూ తగ్గదు.

తగ్గలేదు కూడా. మా పిల్లని మసీదు సంగతులు అడగమంటారా అని ఒక తండ్రి, పోలేరమ్మ పేరు మా పిల్ల నోట రావడమేంటని ఒక తల్లి బడికి వచ్చారు. లెక్కల మాస్టారు వాళ్ళని కూర్చోబెట్టి, మీ పిల్ల చైనా గురించి చదివితే చైనా పిల్ల అయిపోయిందా అని అడిగారు. సగం సమాధానపడ్డారు. హెడ్మాస్టరు గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. గుంటూరు వెళ్ళేముందు ఊరందరి ముందూ రిహార్సల్ వేయాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే అక్కడే చెప్పాలి. ఆయన తన భద్రత కోసం పెట్టిన షరతు అది. నాకు మాత్రం పరుపుల మావయ్య అడిగిన ప్రశ్నకి జవాబు దొరికినట్టు అనిపించింది. ఊరికి చెప్పాల్సింది ఊరి ముందే చెబుతాం.

పోలేరమ్మ పొంగళ్ళ భాగం ఆ పిల్లకని ఉంచాను. వాళ్ళ పక్కింటి అవ్వ ఏటా ఘటం ఎత్తుతుంది, ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ చూస్తోంది. వేరేవాళ్ళకి ఇద్దామని మాస్టారన్నా నేను ఒప్పుకోలేదు. ఖాళీగా ఉంటే ఉండనీ అన్నాను. రోజా గురించి చెప్పే పని ఆ పిల్ల క్లాసులోనే చదివే ఇంకో అమ్మాయి తీసుకుంది. పేటలో చర్చికి వెళ్ళే కూలీల పిల్ల. వాళ్ళమ్మా, పరుపుల మావయ్య భార్యా ఒకే చోట తొడిమలు తీసే పనికి వెళతారు. ఆ అమ్మాయి మొహమాటానికి పరుపులవాళ్ళింటికి వెళ్ళలేక, తన తల్లిని అడిగే రాసుకొచ్చింది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు.

గుంటూరులో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మీరు దాని కోసం ఎదురుచూడకుండా. ఏ బహుమతీ రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, విషయం బాగుంది గానీ వేషధారణకి మార్కులు వేయడానికి ఏమీ లేదండీ అని బాధపడ్డాడు. తెలుగు మాస్టారు బస్సులో దారి పొడుగునా దాన్ని తలుచుకుని నవ్వారు. సరే, రిహార్సల్ రోజుకి వస్తాను.

మైకు సెట్టు రామాలయం కమిటీవాళ్ళది. కుర్చీలు చర్చివాళ్ళవి. టార్పాలిన్ మసీదుకి ఎదురుగా ఉన్న పురుగుమందుల కొట్టతనిది. ఇవన్నీ ఏటా ఇలాగే వస్తాయి, ఎవరూ దాన్ని సామరస్యం అని పిలవరు. మిరప పనుల రోజులైనా జనం బాగానే వచ్చారు. గొడవ జరుగుతుందేమో చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువని నా అనుమానం. పరుపుల మావయ్య కనబడలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

పిల్లలు మొదలుపెట్టారు. పూజారి గారి మనవడు చర్చిలో పంట మొదటి బస్తా ఎలా ఇస్తారో చెప్పాడు. లెక్కల మాస్టారు మొదటి వరసలోంచి తల ఊపారు. మధ్యలో జనంలోంచి ఒక కుర్రాడు ఆ పాత యాసలో ఏదో అరిచాడు. కొందరు నవ్వారు. తెలుగు మాస్టారు వేదిక మీదికి వెళ్ళి మైకు తీసుకున్నారు. పద్యం తప్ప ఇంకేదీ గొంతెత్తి చెప్పని మనిషి.

"ఆ మాటలు రాసింది నేను. మన ఊళ్ళో ఎవరూ అలా మాట్లాడరు. అది నా తప్పు, పిల్లది కాదు. ఇక ఎవరూ ఆ మాటలు అనొద్దు" అన్నారు.

జనం సద్దుమణిగారు. అంతమందిలో ఒక మాస్టారు తప్పు ఒప్పుకోవడం అంత తేలిక కాదు, మీరు కూడా ఒకనాటికి తెలుసుకుంటారు.

తర్వాత కూలీల పిల్ల వచ్చింది. రోజా గురించి బాగానే చెబుతోంది. తెల్లవారకముందే లేచి తింటారని, మళ్ళీ పొద్దు గూకాకే తింటారని. కాస్త ఆగి, "మధ్యలో దాహమేస్తే మాత్రం కొంచెం మంచినీళ్ళు తాగుతారు" అంది. ఆ పిల్ల ఇంట్లో ఉపవాసమంటే అంతే, అందుకని ఇక్కడా అంతే అనుకుంది.

"లేదమ్మా. మంచినీళ్ళు కూడా ముట్టుకోం."

గొంతు వెనక నుంచి వచ్చింది. అందరం తిరిగి చూశాం. పరుపుల మావయ్య బడి గేటు బయట, గోడని ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. చొక్కా మీద దూది అలాగే ఉంది. అంతమంది ఒక్కసారిగా చూసేసరికి, ఎందుకన్నానా అన్నట్టు వెనక్కి తగ్గాడు.

వేదిక మీద పిల్ల అతన్నే చూస్తోంది. నాటికలో ఉన్నానన్న సంగతి మర్చిపోయింది. కళ్ళు పెద్దవి చేసి అడిగింది.

"మంచినీళ్ళు కూడానా? మరి తొడిమల కాడ ఎట్టా మావయ్యా? గొంతు మండిపోద్ది గదా?"

మావయ్యా అని ఆ పిల్ల కావాలని అనలేదు. ఎవరూ నేర్పలేదు, ఎప్పుడూ పిలిచే పిలుపే నోటికొచ్చింది. మిరపకాయల మధ్య కూర్చుని తొడిమలు తీసేవాళ్ళకి ఆ ఘాటు కోరు ముక్కులోకీ గొంతులోకీ పోయి ఎంత మంట పుడుతుందో ఆ ఊళ్ళో తెలియని ఆడది లేదు. కూర్చున్న ఆడవాళ్ళంతా నిజంగానే జవాబు కోసం ఆయన వైపు తిరిగారు.

ఆయన ముందుకొచ్చి గేటు చువ్వలు పట్టుకున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆవిడ తడిగుడ్డ మూతికి కట్టుకుని కూర్చుంటుంది అన్నాడు. మధ్యాహ్నం తర్వాత కళ్ళు తిరుగుతాయి, అప్పుడు మేస్త్రీ కాస్త నీడకి పంపుతాడు అన్నాడు. పొద్దు గూకాక మొదటి గుక్క నీళ్ళు తాగేటప్పుడు ఎలా ఉంటుందో చెప్పబోయి, దానికి మాట దొరక్క ఆగిపోయాడు. మంచి గుంటూరు తెలుగు. ఊరందరూ మాట్లాడే తెలుగు. ఒక్కరూ నవ్వలేదు. హెడ్మాస్టరు గారు, మా రాజీ హెడ్మాస్టరు గారు, లేచి గేటు దాకా నడిచి వెళ్ళి, బయటే నిలబడ్డావేం, లోపలికి రావయ్యా అని తన కుర్చీ చూపించారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు. లోపలికొచ్చి, ఆడవాళ్ళ వెనక గట్టు మీద కూర్చున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను. తేజా టీచర్ ఏడిచిందని మర్నాడు బడంతా చెప్పుకున్నారు.

వేదిక మీద పిల్ల మళ్ళీ అందుకుని, తన తల్లి చెప్పిన చివరి ముక్క కూడా చెప్పింది. రోజా ఉన్న ఆవిడ ముందు మిగతావాళ్ళు మంచినీళ్ళు తాగరని, దాహమేస్తే గోడ చాటుకి పోయి తాగొస్తారని. ఎందుకలా పోతారో ఆ పిల్లకీ అప్పుడే అర్థమైనట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పోలేరమ్మ భాగం దగ్గర నేను మైకులో, ఈ భాగం చెప్పాల్సిన అమ్మాయి ఇవాళ రాలేదు, వచ్చాక చెబుతుంది అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. పరుపుల మావయ్య ఎటు చూస్తున్నాడో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రాత్రి ఇంటికెళ్ళాక కూడా నమ్మకం కుదరలేదు. ఒక సాయంత్రంలో ఊరు మారిపోతుందని అనుకునేంత అమాయకురాలిని కాదు. పిల్ల రాకపోతే ఇంకేం చేయాలో కూడా తోచలేదు. చేయగలిగిందంతా చేసేశాం.

మర్నాడు పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే గేటు దగ్గర మోపెడ్ ఆగింది. వెనక కట్టిన పరుపుకీ తండ్రి వీపుకీ మధ్య ఇరుక్కుని యూనిఫాంలో ఆ పిల్ల కూర్చుంది. దిగింది, సంచీ సర్దుకుంది. నిన్న రోజా గురించి చెప్పిన పిల్ల గేటు దగ్గరే నిలబడి ఉంది. ఏమే, లెక్కల నోట్సు ఇస్తాను గానీ మధ్యాహ్నంలోగా తిరిగిచ్చెయ్ అంది. మామూలు మాటే. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన మోపెడ్ ఇంజను ఆపలేదు, దిగలేదు. కాలు నేల మీద ఆనించి నన్ను పిలిచాడు.

"టీచర్ గారూ, నిన్న ఆ పిల్ల చెప్పినదాంట్లో ఇంకోటి కూడా దిద్దాలి. అందరిలో ఎందుకులే అని ఊరుకున్నా."

మళ్ళీ ఏం ముంచుకొచ్చిందో అనుకున్నాను. ఏం దిద్దాలి అని అడిగాను.

"మా ఆవిడ ముందు మంచినీళ్ళు తాగరంట గదా, గోడ చాటుకి పోతారంట గదా. ఇన్నేళ్ళూ మా ఆవిడకి ఆ సంగతి తెలవదు. రాత్రి నేను చెబితే ఏడిచింది" అన్నాడు. "చాటుకి పోవద్దని చెప్పమంది టీచర్ గారూ. ఎదురుగానే కూర్చుని తాగమంది. వాళ్ళు చల్లగా తాగుతా ఉంటే చూసినా తనకి సగం దాహం తీరుద్దంట. ఇది కూడా ఆ పిల్ల చేత రాయించండి."